ఎక్కడుందో చూపించు

హైస్కూల్లో డ్రాయింగ్ మాస్టరుగా ఉన్నన్నాళ్ళూ బల్లమీద కూజా, గ్లాసు, దానిమ్మపండు పెట్టి పిల్లల చేత గీయించాను. లోయర్, హయ్యర్ పరీక్షలకు తయారుచేయడం అంటే అదే పని. రిటైరయ్యాక అమ్మాయి షికాగోలో స్థిరపడటంతో ఏడాదిలో కొంతకాలం అక్కడే గడుస్తోంది. పిల్లలు ఆఫీసులకు పోయాక నాకు దొరికిన కాలక్షేపం మ్యూజియాలు. అందులోనూ అమెరికావాళ్ళ వాస్తవిక చిత్రాలు.

మనవాళ్ళు వీటి ముందు ఎక్కువసేపు నిలబడరు. పికాసో బొమ్మ అర్థం కాలేదని మొహమాటం లేకుండా ఒప్పుకునేవాళ్ళు కూడా, హోటల్లో నలుగురు కూర్చున్న బొమ్మ కనబడితే ‘ఇందులో తెలియనిదేముంది, ఫొటోలాగే ఉందిగా’ అంటూ కదిలిపోతారు. ఇంకొందరు ‘అబ్బ, ఎంత విషాదం!’ అని ఒక్కమాటలో తేల్చేస్తారు. ఈ రెండు రకాలవాళ్ళనూ నేను క్లాసులో పిల్లల్ని అడిగిన మాటే అడుగుతాను. విషాదం అన్నావు కదా, బొమ్మలో ఎక్కడుందో చూపించు. ఏ మూల, ఏ రంగులో, ఎవరి భుజం వంపులో? బొమ్మ చదవడం గురించి నాకు తెలిసిందంతా ఆ ఒక్క ప్రశ్న చుట్టూ తిరిగేదే. కొత్తగా చూడటం మొదలుపెట్టేవాళ్ళ కోసం వరసగా రాస్తున్నాను.

1. భావం పేరు చెప్పేముందు సరుకు పట్టీ రాయండి

ఎడ్వర్డ్ హాపర్ 1942లో పూర్తిచేసిన ‘నైట్‌హాక్స్’ షికాగో ఆర్ట్ ఇన్‌స్టిట్యూట్‌లో ఉంది. ఎత్తు సుమారు 84 సెంటీమీటర్లు, వెడల్పు 152. ఆ ఏడాదే మ్యూజియం 3,000 డాలర్లకు కొనుక్కుంది. దీని ముందు నిలబడ్డ ప్రతివాళ్ళూ ‘ఒంటరితనం’ అంటారు. ఆ మాట కాసేపు జేబులో పెట్టుకుని, కంటికి కనబడేవి మాత్రం చెప్పండి.

అర్ధరాత్రి. వీధి మూలమలుపులో చిన్న హోటలు. వంపు తిరిగిన పెద్ద గాజు అద్దం. లోపల తెల్లబట్టల్లో పనివాడు కాస్త వంగి ఉన్నాడు. అతని వెనక రెండు పెద్ద కాఫీ పాత్రలు. ఎర్ర దుస్తుల్లో ఒక స్త్రీ, పక్కన టోపీ పెట్టుకున్న మగమనిషి, అతని వేళ్ళ మధ్య సిగరెట్టు. ఎదురుగా మనకు వీపు చూపిస్తూ ఇంకొకాయన. పైన చుట్టల కంపెనీ బోర్డు. అవతలి వీధిలో మూసి ఉన్న దుకాణం, అద్దం వెనక గల్లాపెట్టె. పైఅంతస్తు కిటికీలకు సగం దించిన తెరలు. రోడ్డుమీద పురుగు లేదు.

ఇప్పుడు ఈ పట్టీలో లేనిదేమిటో వెతకండి. వీధిలోంచి లోపలికి వెళ్ళడానికి తలుపు ఎక్కడా కనబడదు. లోపల గోడకు ఒక తలుపుంది గానీ అది వంటగదికి పోయేది. హోటలన్నాక వీధి తలుపు లేకుండా ఉండదు. హాపర్ దాన్ని మన కంట పడనివ్వలేదు, అంతే. లోపల వెలుగు, బయట చీకటి, మనం చీకట్లో ఉన్నాం, లోపలికి దారి లేదు. ఆ జంట చేతులు చూడండి, బల్లమీద దాదాపు ఆనుకునేటంత దగ్గరగా ఉండి ఆనుకోవు. ఇప్పుడు జేబులోంచి ‘ఒంటరితనం’ తీసి బల్లమీద పెట్టండి. ఆ మాటకు కనబడని తలుపూ, ఆ వేళ్ళ మధ్య సందూ సాక్ష్యం చెబుతాయి.

ఇంకో సంగతి. ఈ బొమ్మలో ప్రత్యేకంగా ఒంటరితనం తనకు కనబడలేదని హాపరే చెప్పాడు. తనకు తెలియకుండానే మహానగరపు ఒంటరితనాన్ని వేశానేమో అని కూడా అన్నాడు. కాబట్టి వేసినవాణ్ణి అడిగి తెలుసుకుందామంటే కుదరదు. బొమ్మనే అడగాలి.

2. వెలుగు ఎటునుంచి వస్తోందో కనిపెట్టండి

కూజా గీయడానికి కూర్చున్న పిల్లవాడికి మేం చెప్పే మొదటి మాట ఇదే. పెద్ద బొమ్మలకూ ఇదే వర్తిస్తుంది. ‘నైట్‌హాక్స్’ కాలానికి ట్యూబులైట్లు అప్పుడప్పుడే వాడకంలోకి వస్తున్నాయి. ఆ పాలిపోయిన వెలుతురు అద్దం దాటి పేవ్‌మెంటు మీద పచ్చగా పరుచుకుంటుంది. పెర్ల్ హార్బర్ మీద బాంబులు పడి ఎన్నో రోజులు కాలేదు, న్యూయార్కులో దీపాలార్పే కసరత్తులు జరుగుతున్న సమయం. ఆ నగరంలో అంత బాహాటంగా వెలిగే ఒక గది అంటే అప్పటివాళ్ళకు ఎలా తోచి ఉంటుందో ఊహించండి.

వెలుగు గురించి నేర్చుకోవాలంటే మాత్రం నేను హెన్రీ ఒసావా టానర్ దగ్గరికే పంపిస్తాను. ఆయన నల్లజాతి చిత్రకారుడు, 1859లో పిట్స్‌బర్గ్‌లో పుట్టాడు. ఫిలడెల్ఫియాలో చదువుకుని, ఇక్కడి జాతివివక్ష పడలేక 1891లో పారిస్ చేరాడు. 1893లో వేసిన ‘బాంజో లెసన్’ ఇప్పుడు వర్జీనియాలోని హాంప్టన్ యూనివర్సిటీలో ఉంది. పేద ఇల్లు. కుర్చీలో ముసలాయన, ఆయన కాళ్ళ మధ్య నిలబడి ఒక పిల్లవాడు. పిల్లవాడి చేతుల్లో బాంజో అనే తీగవాయిద్యం. అది వాడికి పెద్దది, అందుకని ముసలాయన దాని కొసను చేత్తో ఎత్తి పట్టుకున్నాడు.

వెలుగు రెండు వైపుల నుంచి వస్తోంది. ఎడమనుంచి చల్లని, నీలివన్నె పగటి వెలుగు. కుడినుంచి పొయ్యి మంట వెచ్చదనం. ఆ రెండూ కలుసుకునే చోట ఈ ఇద్దరూ ఉన్నారు. ‘ప్రేమ’ అని మీకు అనిపిస్తే, అది ఆ కలయికలో ఉంది.

పాఠం అక్కడితో అయిపోలేదు. ఆ కాలపు నాటకశాలల్లో తెల్లవాళ్ళు మొహానికి మసి పూసుకుని, బాంజో వాయిస్తూ నల్లవాళ్ళను వెక్కిరించేవాళ్ళు. పాటా ఆటా వీళ్ళకు పుట్టుకతో వస్తాయి, బుర్ర మాత్రం ఉండదు అన్నది ఆ వెక్కిరింత సారాంశం. టానర్ అదే వాయిద్యాన్ని తీసుకుని, దాన్ని ‘నేర్పుతున్న’ మనిషినీ ‘నేర్చుకుంటున్న’ పిల్లవాణ్ణీ వేశాడు. ఇద్దరి చూపూ తీగల మీదే ఉంది. మనవైపు చూసి నవ్వేవాళ్ళు లేరు. పుట్టుకతో వచ్చేదైతే పాఠం ఎందుకు? ఒక్క నినాదం లేకుండా ఎంత జవాబు చెప్పాడో చూడండి. జీవితమంతా పాఠాలు చెప్పినవాణ్ణి కాబట్టి ఈ బొమ్మ దగ్గర నేను కాస్త పక్షపాతినే.

3. ఏం తీసేశాడో అడగండి

వాస్తవిక చిత్రం అంటే ఉన్నదున్నట్టు దింపడం అనుకుంటాం. హాపర్ 1927లో వేసిన ‘ఆటోమాట్’ చూస్తే ఆ భ్రమ పోతుంది. ఆటోమాట్ అంటే గోడకు వరసగా గాజు గూళ్ళుండి, నాణెం వేస్తే తినుబండారం అందుకునే హోటలు. ఆ రోజుల్లో కిటకిటలాడే చోటు అది. హాపర్ బొమ్మలో ఆ గూళ్ళు లేవు, జనం లేరు, చప్పుడు లేదు. గుండ్రటి బల్ల దగ్గర ఒకే ఒక అమ్మాయి, ముందు కాఫీ కప్పు. ఒక చేతికి గ్లవ్ ఉంది, రెండో చేతికి లేదు. వెనక పెద్ద కిటికీ. అందులో వీధి కనబడాలి కదా? కనబడదు. గదిలోని దీపాల వరస ప్రతిబింబమే చీకట్లోకి సాగిపోతూ ఉంటుంది.

ఆ గ్లవ్ దగ్గర ఆగండి. కప్పు పట్టుకోవడానికి ఒకటి తీసింది, రెండోది తీయలేదు. ఎక్కువసేపు ఉండదలుచుకోలేదా? చలి వేస్తోందా? ధ్యాస ఇక్కడ లేదా? బొమ్మ చెప్పదు. కానీ ఈ మూడు ప్రశ్నలూ పుట్టించింది ఆ ఒక్క గ్లవ్. నిజం హోటల్లో ఉండే సందడిని తీసేశాడు కాబట్టే అంత చిన్న వస్తువు మన కంటికి ఆనింది.

4. పేరు చివర్న చదవండి

మ్యూజియంలో మనవాళ్ళు ముందు గోడమీది చీటీ చదువుతారు, తర్వాత తలెత్తి బొమ్మ చూస్తారు. అదే తిరగేసి చేయండి. న్యూయార్కు విట్నీ మ్యూజియంలో హాపర్ బొమ్మ ‘ఎర్లీ సండే మార్నింగ్’ (1930) ఉంది. ఎర్ర ఇటుకల రెండంతస్తుల భవనం, కింద మూసి ఉన్న దుకాణాలు, మంగలి షాపు గుర్తుగా చారల స్తంభం, మంటలార్పే నీళ్ళ పంపు. పేరు చదివినవాళ్ళంతా ‘ఆదివారపు ప్రశాంతత’ అనేస్తారు. హాపర్ మొదట పెట్టిన పేరు ‘సెవెన్త్ ఎవెన్యూ దుకాణాలు’. ఆదివారం అన్నది వేరెవరో తగిలించిందే. సోమవారం పొద్దున్నే దుకాణాలు తెరవకముందు అనుకుని ఇంకోసారి చూడండి, బొమ్మ కొంచెం మారిపోతుంది.

పైకిటికీ ఒకదాంట్లో హాపర్ ముందు ఒక మనిషిని వేసి, తర్వాత రంగుతో కప్పేశాడు. ఇంకా విచిత్రం, సెవెన్త్ ఎవెన్యూ ఉత్తర దక్షిణాలుగా సాగే వీధి. పొద్దుటి ఎండకు పేవ్‌మెంటు పొడవునా అంతంత నీడలు పడవు. అచ్చం నిజంలా ఉన్న ఆ ఎండ కూడా ఆయన తనకు కావలసినట్టు పరిచిందే.

5. పనిముట్టు చూడకుండా కదలకండి

మనిషి చేతిలో ఏముందో చూస్తే సగం కథ తెలుస్తుంది. విన్స్‌లో హోమర్ 1865లో వేసిన ‘ద వెటరన్ ఇన్ ఎ న్యూ ఫీల్డ్’ న్యూయార్కు మెట్రోపాలిటన్ మ్యూజియంలో ఉంది. అంతర్యుద్ధం ముగిసిన ఏడాది, లింకన్ హత్య జరిగిన ఏడాది. హోమర్ ఆ యుద్ధాన్ని ‘హార్పర్స్ వీక్లీ’ పత్రిక కోసం దగ్గరనుంచి చూసి బొమ్మలు వేసినవాడు.

బొమ్మలో చాలా తక్కువ ఉంది. పైన సన్నగా నీలి ఆకాశం, మనిషి భుజాల ఎత్తున పసుపుపచ్చని గోధుమ చేను, కింద కోసి పడేసిన పనలు. తెల్లచొక్కా మనిషి మనకు వీపు పెట్టి, రెండు చేతులతో ఊపి కోసే పొడుగుపిడి కొడవలితో పనిచేస్తున్నాడు. కుడివైపు కింద మూలలో ఒక కోటు, నీళ్ళ సీసా పడి ఉన్నాయి. అవి సైనికుడివి. వీడు నిన్నటిదాకా తుపాకి పట్టినవాడు.

మొదటి చూపుకి ఇది శుభవార్త. యుద్ధం అయిపోయింది, రైతు చేలోకి తిరిగొచ్చాడు, పంట ఏపుగా ఉంది. ఇప్పుడు కొడవలి దగ్గరకు రండి. అప్పటి రైతులు వాడేది, కోసిన వెన్నులు ఒకవైపు పడేలా కొయ్య వేళ్ళు బిగించిన కొడవలి. హోమర్ కూడా ముందు దాన్నే వేశాడు. తర్వాత ఆ కొయ్య వేళ్ళను రంగుతో కప్పేసి, అప్పటికే పాతబడిన ఒంటి అలుగు కొడవలిగా మార్చాడు. ఏళ్ళు గడిచి పైరంగు పల్చబడటంతో అడుగున వేసింది ఇప్పుడు లీలగా కనబడుతుంది. ఎందుకు మార్చాడు? పాశ్చాత్యుల బొమ్మల్లో మృత్యువు రూపం ఒక అస్థిపంజరం, దాని చేతిలో ఉండేది సరిగ్గా ఇలాంటి కొడవలే. కోతకు వచ్చింది గోధుమలా, ఆ నాలుగేళ్ళలో రాలిపోయిన 6 లక్షల పైచిలుకు కుర్రవాళ్ళా?

ఇక్కడ చాలామంది ఒక పొరపాటు చేస్తారు. రెండో అర్థం దొరకగానే మొదటిదాన్ని పారేస్తారు, ‘అసలు సంగతి చావు’ అని. వద్దు. చేను పచ్చగానే ఉంది, ఎండ కాస్తూనే ఉంది. బతికొచ్చినవాడి సంతోషమూ రానివాళ్ళ లెక్కా ఒకే చేలో ఉన్నాయి. రెండింటినీ పట్టుకుని నిలబడగలగాలి.

6. చట్రం ఎక్కడ కోసిందో గమనించండి

నార్మన్ రాక్‌వెల్‌ను చాలామంది పత్రికల ముఖచిత్రాల మనిషి అని కొట్టిపారేస్తారు. 1964 జనవరిలో ‘లుక్’ పత్రికలో వచ్చిన ఆయన బొమ్మ ‘ద ప్రాబ్లమ్ వి ఆల్ లివ్ విత్’ చూశాక ఆ మాట అనలేరు. 1960 నవంబరులో న్యూఆర్లీన్స్‌లో తెల్లపిల్లల బడిలో చేరడానికి వెళ్ళిన 6 ఏళ్ళ నల్లజాతి పాప రూబీ బ్రిడ్జెస్ కథ ఆధారం. తెల్లగౌను, చేతిలో పుస్తకాలు, స్కేలు. కాపలాగా ముందు ఇద్దరు, వెనక ఇద్దరు ఫెడరల్ మార్షల్స్. గోడమీద బూతుగా వాడే జాతిపేరు, విసిరిన టొమాటో పగిలి కారిన మరక.

మార్షల్స్‌కు తలల్లేవు. చట్రం భుజాల దగ్గర కోసేసింది. బొమ్మ ఎత్తు ఆ పాప ఎత్తుకు సరిపోయేలా పెట్టాడు రాక్‌వెల్. ఆ లోకంలో మొహం ఉన్నది పాపకొక్కదానికే. ఇక టొమాటో విసిరిన గుంపు ఎక్కడ? బొమ్మలో లేదు. వాళ్ళు నిలబడాల్సిన చోట ఇప్పుడు మనం నిలబడి ఉన్నాం. కోపం, సిగ్గు అన్నవి మీకు కలిగితే ఆ మరకను చూసి కాదు, మీ కాళ్ళకింద ఉన్న స్థలాన్ని చూసి.

7. బట్టలు కాలం చెబుతాయి

టామస్ ఈకిన్స్ 1875లో వేసిన ‘గ్రాస్ క్లినిక్’ ఫిలడెల్ఫియాలో ఉంది. మెడికల్ విద్యార్థుల మధ్య డాక్టర్ శామ్యూల్ గ్రాస్ తొడ ఎముకకు ఆపరేషన్ చేస్తున్నాడు. నల్లకోటు, ఉత్త చేతులు, కత్తి పట్టిన వేళ్ళకు నెత్తురు. వెలుగంతా ఆయన నుదుటిమీదా, ఆ చేతిమీదా, కోసిన గాయంమీదా పడుతుంది. ఎడమవైపు ఒక స్త్రీ మొహం కప్పుకుంది. 1876లో అమెరికా స్వాతంత్ర్య శతజయంతి ప్రదర్శనలో కళావిభాగంవాళ్ళు దీన్ని వద్దన్నారు. చివరికి సైనిక ఆసుపత్రి నమూనాలో, మంచాలూ వైద్య సామగ్రీ మధ్య వేలాడదీశారు.

14 ఏళ్ళ తర్వాత, 1889లో, అదే ఈకిన్స్ ‘ఆగ్న్యూ క్లినిక్’ వేశాడు. ఈసారి డాక్టర్లంతా తెల్లగౌన్లు. పక్కన నర్సు. క్రిముల సంగతి ఆ మధ్యకాలంలో వైద్యులు నమ్మడం మొదలుపెట్టారు. రెండు బొమ్మల్నీ పక్కపక్కన పెడితే వైద్య చరిత్రలో ఒక మలుపు బట్టల్లోనే కనబడుతుంది. మొదటి బొమ్మలో మనకు క్రూరంగా తోచే ఆ నల్లకోటు అప్పటివాళ్ళకు పెద్దమనిషి తరహా. మన కాలపు ఏవగింపును వాళ్ళ బొమ్మకు పులమకూడదు.

8. రంగు ఎలా ఆరుతుందో తెలుసుకోండి

ఆండ్రూ వైయత్ ‘క్రిస్టీనాస్ వరల్డ్’ (1948) న్యూయార్కులో ఆధునిక కళా మ్యూజియంలో ఉంది. ఎండిన గడ్డి మైదానం, పైన దూరంగా బూడిదరంగు ఇల్లు, కింద గులాబీరంగు గౌనులో నేలమీద ఒరిగిన స్త్రీ, మనకు వీపు. దూరంనుంచి చూస్తే సాయంత్రం సేదదీరుతున్న పడుచుపిల్ల. దగ్గరికి వెళితే చేతులు సన్నగా, మణికట్లు వంకరగా, వేళ్ళు నేలను పట్టుకుని ఉంటాయి. ఆమె క్రిస్టీనా ఓల్సన్, మెయిన్ రాష్ట్రంలో వైయత్‌ల పొరుగింటి మనిషి. అప్పటికి వయసు 55. జబ్బుతో కాళ్ళు పడిపోయినా చక్రాల కుర్చీ వద్దని, చేతులమీద ఈడ్చుకుంటూనే ఇంటా బయటా తిరిగేది. మొండేనికి నమూనాగా వైయత్ తన భార్య బెట్సీని కూర్చోబెట్టాడు.

ఇది తైలవర్ణం కాదు, టెంపెరా. రంగుపొడిని గుడ్డు పచ్చసొనలో కలిపి పూస్తారు. పూసిన కాసేపటికే ఆరిపోతుంది, నూనెరంగులా ఒకదాన్ని ఒకదాంట్లోకి మెత్తగా అలకడానికి వీలుండదు. నేతలో పోగు పక్కన పోగు వేసినట్టు సన్నగీత పక్కన సన్నగీత పెట్టుకుంటూ పోవాల్సిందే. ఆ గడ్డి అంతా అలా పరక పరకగా వేసిందే. ఇంటికీ ఆమెకూ మధ్య ఉన్న దూరం మనకు అంత బరువుగా తోచడానికి కారణం ఆ పరకలు. ఆమె దాన్ని దాటే వేగమూ, ఆయన దాన్ని వేసిన వేగమూ ఒకటే. ఆమెను చూసి జాలిపడమని వైయత్ అడగలేదు. జనం ఆశ లేదనుకునే బతుకును ఆమె ఎలా జయించిందో చూపించడమే తన పని అన్నాడు.

చిత్రకారుడి సొంత జీవితం తెలిస్తే మేలే, కానీ అది తర్వాత తెలియాలి. వైయత్ ‘వింటర్ 1946’లో ఒక కుర్రవాడు గుట్టమీంచి అదుపు తప్పి పరుగెత్తుతుంటాడు. ఆ గుట్టకు అవతలివైపే 1945లో వైయత్ తండ్రి కారు రైలు కింద పడింది. ఇది తెలియకముందే ఆ కుర్రవాడి కాళ్ళు మిమ్మల్ని భయపెట్టాలి. తెలిశాక ఆ భయం పేరు తెలుస్తుంది.

9. బొమ్మ మారదు, చూసేవాళ్ళు మారతారు

గ్రాంట్ వుడ్ ‘అమెరికన్ గోతిక్’ (1930) తెలియనివాళ్ళుండరు. షికాగోలోనే ఉంది. గడ్డి ఎత్తే పంగలకర్ర పట్టుకున్న ముసలాయన, పక్కన ఒక స్త్రీ, వెనక చర్చి తరహా కోసు కిటికీ ఉన్న కొయ్య ఇల్లు. ఇల్లు అయోవాలోని ఎల్డన్ అనే చిన్న ఊళ్ళోది. స్త్రీకి నమూనా వుడ్ చెల్లెలు నాన్, మగమనిషికి ఆయన పళ్ళ డాక్టరు. ఇద్దరూ కలిసి ఎప్పుడూ నిలబడలేదు, ఆ ఇంటిముందు అసలే నిలబడలేదు. మొగుడూ పెళ్ళాం అని లోకం అనుకుంటుంది, తండ్రీ కూతురూ అని నాన్ జీవితాంతం చెప్పింది.

పంగలకర్ర మూడు పళ్ళను చూసి, వెంటనే ఆయన ఓవరాల్ మీది కుట్లు చూడండి. అదే ఆకారం. కిటికీలోనూ అదే నిలువు. బిగుసుకుపోయిన పద్ధతి మొత్తం ఆ గీతల్లో ఉంది. కానీ ఆమె మెడదగ్గర ఒక వెంట్రుకల పాయ మాత్రం ముడికి అందకుండా జారింది. ఆయన మనల్ని చూస్తున్నాడు, ఆమె చూపు పక్కకు పోయింది.

మొదట్లో అయోవా రైతు భార్యలు తమను వెక్కిరించారని మండిపడ్డారు. తర్వాత ఆర్థికమాంద్యం ముదిరేకొద్దీ అవే మొహాలు దేనికీ లొంగని పల్లె పట్టుదలకు గుర్తయ్యాయి. 1942లో గోర్డన్ పార్క్స్ వాషింగ్టన్‌లో ఎల్లా వాట్సన్ అనే నల్లజాతి పారిశుధ్య కార్మికురాలిని జాతీయజెండా ముందు చీపురుతో నిలబెట్టి ఫొటో తీసి, అదే పేరు పెట్టాడు. అప్పటినుంచి వుడ్ బొమ్మను చూస్తే, అందులో చోటు దొరకనివాళ్ళు కూడా గుర్తొస్తారు. ఒక్క గీత మారలేదు, అర్థాలు మూడయ్యాయి. బొమ్మకు ‘అసలు అర్థం’ ఒకటి ఎక్కడో దాచిపెట్టి ఉంటుందని వెతకడం మానేస్తే హాయి.

10. మీ దిగులును గోడకు తగిలించకండి, పక్కవాళ్ళతో వాదించండి

మనదేశం నుంచి పిల్లల దగ్గరికి వచ్చిన పెద్దవాళ్ళకు ఇది మరీ అవసరం. మధ్యాహ్నం పూట వీధిలో మనిషి కనబడడు, పక్కింటి తలుపు తెరుచుకోదు. ఆ మనసుతో హాపర్ ఖాళీగదులు చూస్తే ప్రతిదీ ఏడుస్తున్నట్టే ఉంటుంది. హాపర్‌కు ఖాళీగోడ మీద పడే ఎండ అంటే ప్రాణం. తను వేయాలనుకున్నదల్లా ఇంటి గోడమీది ఎండేనని చెప్పుకున్నవాడు. 1963లో వేసిన ‘సన్ ఇన్ యాన్ ఎంప్టీ రూమ్’లో కిటికీ, గోడలు, రెండు ఎండ పలకలు తప్ప ఏమీ లేవు. అది దిగులా, తీరికా? మీ దిగులు ఎక్కడ ఆగి బొమ్మది ఎక్కడ మొదలవుతుందో తెలియాలంటే పక్కన ఇంకొకరుండాలి. మీ వయసు కానివాళ్ళయితే మరీ మంచిది.

నాకు మనవరాలుంది. ఒకసారి ఇంట్లో పుస్తకం ముందు వేసుకుని హాపర్ ‘న్యూయార్క్ మూవీ’ (1939) చూస్తున్నాం. ఎడమవైపు చీకటి హాలు, తెరమీద సినిమా. కుడివైపు దీపం కింద గోడకు ఆనుకుని, గడ్డం చేత్తో పట్టుకుని నిలబడ్డ యూనిఫాం అమ్మాయి, టిక్కెట్టు చూసి సీటు చూపించే ఉద్యోగం. “ఎంత బాధలో ఉందో” అన్నాను. మనవరాలు వేసవి సెలవుల్లో ఒక దుకాణంలో పనిచేసి వచ్చి ఉంది. “బాధ కాదు తాతయ్యా, డ్యూటీలో ఉంది. కాళ్ళు పీకుతున్నాయి” అంది.

“ఏదీ, చూపించు.”

“బరువంతా గోడమీద వేసింది చూడు. ఎత్తుమడమల చెప్పులు. జనమంతా డబ్బిచ్చి చూస్తున్న సినిమా ఆమె వెనకే నడుస్తోంది, తలే తిప్పలేదు. రోజూ అదే సినిమా కదా మరి.”

నా వైపు సాక్ష్యం నేనూ పెట్టాను. వంగిన తల, మొహంమీది నీడ, హాలు చీకటికీ ఆమెకూ మధ్య అడ్డంగా ఉన్న మందపాటి స్తంభం. ఎవరూ తగ్గలేదు. చివరికి తగవంతా కళ్ళదగ్గర ఆగింది. ఆ అమ్మాయి కళ్ళు మూసుకుని ఆలోచనలో ఉందా, నేలచూపులు చూస్తూ విసుక్కుంటోందా? పుస్తకంలో అచ్చు చిన్నది, ఆ నీడలో తేలలేదు. అసలు బొమ్మ న్యూయార్కులో ఉంది. కాలేజీవాళ్ళతో అటు వెళ్ళినప్పుడు దగ్గరగా నిలబడి చూసి, మ్యూజియం బయటికొచ్చాక ఫోన్ చెయ్యమన్నాను.